విదేశ బంధుత్వము, రక్షణోద్యోగము: అపోహలు – వాస్తవాలు

ఎద్దుమైలారమున యుద్ధశకటములను నిర్మించు ఆయుధ కర్మాగారము, భానూరున క్షిపణులను రూపొందించు భారత్ డైనమిక్స్ విభాగము నెలకొనియున్న సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతమున, ఒక బిడ్డ కర్మాగారమునందును మఱియొక బిడ్డ అమెరికాయందును కొలువు చేయుచున్న కుటుంబములు నేడు వింత కావు. అట్టి ఇండ్లలో పోలీసు వెరిఫికేషన్ మాట వినబడినంతనే అనవసరమైన దిగులు పుట్టుచున్నది.

అపోహ: ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు వచ్చిన, రెండు దేశముల పౌరసత్వము వచ్చినట్లే.

వాస్తవము: 1955 నాటి పౌరసత్వ చట్టము తొమ్మిదవ సెక్షను ననుసరించి, స్వేచ్ఛగా అన్యదేశ పౌరసత్వమును స్వీకరించినవాడు భారత పౌరుడుగా నుండజాలడు. 2006 జనవరిలో హైదరాబాదున జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో ప్రధాని మన్మోహన్ సింగ్ ఓసీఐ పథకమును ప్రారంభించినప్పుడు ‘ద్వంద్వ పౌరసత్వము’ అను మాట వ్యాపించెను గాని, ఆ కార్డు గలవారికి ఓటు లేదు. కేంద్రము ప్రత్యేకముగా అనుమతించిన కొలువులలో దప్ప ప్రభుత్వోద్యోగార్హతయు లేదు. ఇక అమెరికా గ్రీన్ కార్డు కేవలము నివాసానుమతి. దానిచే పౌరసత్వము మారదు.

అపోహ: తోబుట్టువు విదేశీ పౌరుడైనచో ఆయుధ కర్మాగారములో ఉద్యోగము కల్ల.

వాస్తవము: మన ప్రాంతమున పెక్కుమందిని బాధించు భయమిదియే. నియామకమునకు ముందు అభ్యర్థి నింపవలసిన అటెస్టేషన్ ఫారములో తల్లిదండ్రుల, జీవిత భాగస్వామి, తోబుట్టువుల జాతీయతను, విదేశమున చదువుచున్న లేక నివసించుచున్న సంతానపు వివరములను అడుగుట నిజము. అయితే అట్టి బంధుత్వమే అనర్హత యని ఆ పత్రము చెప్పదు. అసత్యమును వ్రాయుటయు, సత్యమును మఱుగుపఱచుటయు అనర్హత యని మాత్రము ఆరంభముననే హెచ్చరించును. క్రిమినల్ కేసులను దాచిన అభ్యర్థుల విషయమై 2016లో అవతార్ సింగ్ కేసున సుప్రీంకోర్టు, వెరిఫికేషన్ పత్రములోని సమాచారము యథార్థముగా నుండవలెననియు, దాచిన విషయపు స్వభావమును బట్టి నియామకము రద్దు కావచ్చుననియు స్పష్టపఱచినది. రహస్య విభాగములలో నెవరిని నియోగింపవలెనను విచక్షణ అధికారులదే. కాని ఆ విచక్షణకు మనమందించు తొలి ఆధారము సత్యమే కావలెను.

అపోహ: విదేశీయురాలిని వివాహమాడిన ఉద్యోగి కొలువు పోవును.

వాస్తవము: 1964 నాటి కేంద్రోద్యోగుల ప్రవర్తనా నియమావళి ఇరువదియొకటవ నియమము అట్టి వివాహమును నిషేధింపలేదు; వెంటనే ప్రభుత్వమునకు తెలుపుమన్నది.

అపోహ: తల్లిదండ్రులు భారతదేశముననున్న తెలుగువానికి అమెరికాలో భద్రతానుమతి లభింపదు.

వాస్తవము: 2017 జూనునుండి అమలులోనున్న అచ్చటి భద్రతానుమతి మార్గదర్శకములు విదేశీ ప్రభావమును, విదేశ పక్షపాతమును వేర్వేరుగా పరిశీలించును. ద్వంద్వ పౌరసత్వము తనంతట తాను అనర్హత కాదనియు, ప్రయోజన వైరుధ్యమో దాపరికమో కనబడవలెననియు అవి విస్పష్టముగా చెప్పుచున్నవి. తండ్రి ఎద్దుమైలారమున ఉద్యోగి యైనచో, విదేశ ప్రభుత్వముతో సంబంధము గల బంధువగుటచే, పరిశీలన లోతుగా జరుగును. అచ్చట ఆ కుమారుడు పెనవేసికొన్న కుటుంబ, వృత్తి బంధములును లెక్కకు వచ్చును.

కనుక, ఫారము నింపు యువకులారా, అన్నగారి జాతీయత గడిలో అలవాటు చొప్పున ‘భారతీయుడు’ అని వ్రాయకుడు; వారి ప్రస్తుత పాస్‌పోర్టు ఏ దేశముదో అడిగి తెలిసికొని, ఉన్నదున్నట్లు వ్రాయుడు.