నందననాటి పద్దు

మిరపకళ్లములు ఎఱ్ఱగాను, ప్రత్తిచేలు తెల్లగాను నిండి కన్నులపండువు చేయు నేటి గుంటూరు, ఒంగోలు మైదానములను చూచినవారికి, రెండువందల యేండ్లు నిండకమునుపే ఈ సీమలో దాదాపు మూడవపాలు జనము అన్నము లేక నశించినదని చెప్పిన నమ్మశక్యము కాదు. 1832లో, నందన నామ సంవత్సరమున, వానలు మొగము చాటుచేసినవి, చేలు మాడినవి, చెఱువులు నెఱ్ఱెలు విచ్చినవి. మరుసటి యేడు గడచునప్పటికి, గుంటూరు జిల్లాలోని అయిదులక్షల జనములో లక్షన్నరకు తక్కువ గాక, రెండులక్షల వఱకును చనిపోయిరని ఆనాటి దొరల లెక్కలే ఒప్పుకొనుచున్నవి. పెద్దలు దానిని నందన కరువనియు, డొక్కల కరువనియు చెప్పుకొనిరి. ఊళ్లు విడిచినవారు మద్రాసు బాట పట్టిరి. వారిలో ఎందఱో ఆ బాటమీదనే కూలిరి.

అనావృష్టి దైవికము, కరువు అంత దైవికము కాదు. 1788లో గుంటూరు సర్కారు నైజాము చేతినుండి ఈస్టిండియా కంపెనీ వశమైన పిమ్మట, పందొమ్మిదవ శతాబ్ది ప్రారంభమున శాశ్వతపు సిస్తు నిర్ణయించి, జమీందార్లను నడుమ నిలిపి, పంట పండినను ఎండినను కిస్తు తప్పరాదని శాసించిన పరిపాలనలో, రైతు గాదెలో మరుసటి యేటికి గింజ నిలువయుండుట కల్ల. చెఱువుల పూడిక తీయించు భారము జమీందారుదో, సర్కారుదో, ఊరివారిదో తేలక, అది ఎవరిదియు కాకపోయెను. ధాన్యవ్యాపారమున ప్రభుత్వము చేయిపెట్టరాదను అర్థశాస్త్రమును ఆనాటి పాలకులు వేదవాక్యముగా నమ్మియుండిరి. ఆ నమ్మకము వలన లాభించినవారిలో మన షావుకార్లును కలరన్న మాట దాచవలసిన పని లేదు.

ఇక ఆ కరువుకాలముననే లండనులో ఏమి జరుగుచుండెనో చూడుడు. 1833 ఆగస్టు 28వ తేదీన, ఒక్కనాడే, బ్రిటిషు పార్లమెంటు చేసిన రెండు శాసనములకు రాజామోదము లభించినది. ఒకటి బానిసత్వ నిర్మూలన శాసనము. దానినిగూర్చి పాఠ్యపుస్తకములలో మనము చదివినదెల్ల కరుణారసమే. చదువనిదేమనగా, ఆ శాసనమువలన బానిసలను కోల్పోవు యజమానులకు నష్టపరిహారముగా రెండుకోట్ల పౌనులు కేటాయింపబడినవి. ఆ మొత్తము నాటి బ్రిటిషు ప్రభుత్వపు వార్షికవ్యయములో సుమారు నూటికి నలువదిపాళ్లు. దానికై చేసిన ఋణము ఇతర ఋణములలో కలిసి, మారి, వాయిదాపడి, తుదకు 2015లో గాని పూర్తిగా తీరలేదు. కొరడాదెబ్బలు తిన్న బానిసకు ఒక్క పెన్నీ ముట్టలేదు సరిగదా, శిష్యవృత్తి అను పేర 1838 వఱకు పాత యజమానునికే ఊడిగము చేయవలసివచ్చెను. ఇంకొక విశేషము: కంపెనీ యేలుబడిలోని భూములకు ఆ శాసనము వర్తింపదని అందులోనే వ్రాసికొనిరి. హిందూదేశమున బానిసత్వమునకు చట్టబలము తొలగించుటకు 1843 వఱకు ఆగవలసివచ్చినది.

రెండవది కంపెనీ సన్నదును పునరుద్ధరించిన శాసనము. కంపెనీ వర్తకము దీనితో ముగిసినది; వర్తకము పోయిన వాటాదారుల గతి యేమి? వారి అరువదిలక్షల పౌనుల మూలధనముపై, ఏటేట నూటికి పదిన్నర వంతున, అనగా 6,30,000 పౌనులు, నాటి మారకమున దాదాపు 63 లక్షల రూపాయలు, నలువదియేండ్లపాటు చెల్లింపవలెననియు, చివర వాటాను విమోచించునప్పుడు నూటికి రెండువందల చొప్పున ముట్టజెప్పవలెననియు ఏర్పాటు చేసిరి. ఎవరి సొమ్ముతో? ఈ దేశపు రాబడితో. ఆ రాబడిలో శవములు తొలగింపక ముందే కిస్తు బాకీలు లెక్కకట్టబడిన గుంటూరు సీమ పన్నును ఒక భాగము. మధ్యలో 1858లో కంపెనీ రాజ్యము పోయి రాణీగారి రాజ్యము వచ్చినను ఆ చెల్లింపు ఆగలేదు. 1874లో కంపెనీయే అంతరించువఱకు సాగినది.

చారిత్రకాన్యాయములకు పరిహారము చెల్లించుట సాధ్యమా, ఎవరో చేసినదానికి ఎవరో చెల్లించుట న్యాయమా, తరములు గడచిన బాకీని లెక్కకట్టగలమా యని ఈనాడు లండనులోను, పారిసులోను గంభీరముగా సందేహించు పండితులకు నేను ఈ రెండు శాసనములనే చూపుదును. సాధ్యమే, చేసి చూపిరి. యజమానులనుండి సుమారు 46,000 క్లెయిములు స్వీకరించి, విచారించి, బానిస వయస్సునుబట్టియు, నైపుణ్యమునుబట్టియు వెలకట్టి, కొన్నియేండ్లలోనే సొమ్ము పంచిరి. ఆ యజమానులను కనివిని యెఱుగని 2014 నాటి బ్రిటిషు పౌరుడు, జమైకానుండి వలసవచ్చిన బానిసల మునిమనుమడుకూడ, తన పన్నులో ఆ ఋణభారము మోసినాడు. తరాంతరబాధ్యత అను సూత్రము కొత్తగా స్థాపింపవలసినది కాదు. నష్టపోయినవాడెవడు అను ప్రశ్నకు ఆనాడు చెప్పుకొన్న సమాధానమును మాత్రము తలక్రిందులు చేయవలసియున్నది.

బానిసల యజమానులకిచ్చిన ఆ రెండుకోట్లలో సుమారు ఇరువదిలక్షల పౌనులు మారిషసు ద్వీపపు చెఱకుతోటల యజమానులకు చేరినవి. తోటలున్నవి, సొమ్మున్నది, పనివారు లేరు. 1834 మొదలుకొని హిందూదేశపు కూలీలను ఒప్పందములపై ఓడలకెక్కించిరి. మన గోదావరి ముఖమునందలి కోరంగి రేవునుండి వెళ్లిన తెలుగువారిని ఆ ద్వీపమున కోరంగీలని పిలిచిరి. అంతకు రెండువందల యేండ్ల క్రిందటి సంగతి యింకను వింతయైనది. గుంటూరు తీరమున నిజాంపట్టణములో డచ్చివారు 1606లోనే వర్తకస్థానము నెలకొల్పిరి. 1611లో ఇంగ్లీషువారి గ్లోబు అను ఓడ ఆ రేవునకు వచ్చి, పిమ్మట బందరు చేరెను. వారికి కావలసినది మన నేత. కోరమాండలు తీరపు బట్టలు యూరపునకు మాత్రమే గాక, పశ్చిమాఫ్రికా తీరమునకును పోయి, అచ్చట మనుష్యులకు మారకముగా చెల్లినవి. కరువు వచ్చిన యేండ్లలో డచ్చివారు పులికాటు మొదలైన రేవులనుండి మనవారినే బానిసలుగా కొని బటేవియాకు తరలించిరి. డచ్చి ప్రధానమంత్రి 2022 డిసెంబరులోను, రాజు 2023 జూలై 1వ తేదీనను బానిసవ్యాపారమునకు క్షమాపణ చెప్పిరి. ఇరువదికోట్ల యూరోల నిధియు ప్రకటించిరి. మన తీరమున ఎవరైనను ఆ మాటను చర్చకు తెచ్చినట్లు నాకు కానరాదు.

లోకమున ఈ వ్యవహారము ఎట్లు నడచినదో సంగ్రహముగా చెప్పెదను. ఫ్రాన్సుపై తిరుగబడి స్వతంత్రులైన హైతీ బానిసలు 1825లో, తమ్ము తాము విడిపించుకొన్నందుకు, పాత యజమానులకు పదునైదుకోట్ల ఫ్రాంకులు చెల్లింతుమని ఒప్పుకొనవలసివచ్చెను. తరువాత తొమ్మిదికోట్లకు తగ్గించిరి. దానికై చేసిన అప్పులు 1947 వఱకు వదలలేదు. పశ్చిమజర్మనీ 1952లో ఇజ్రాయేలుకు మూడువందలకోట్ల మార్కులు చెల్లించుటకు అంగీకరించినది. కెన్యాలో మౌమౌ తిరుగుబాటుకాలమున చిత్రహింసలు పొందిన 5,228 మందికి బ్రిటను 2013లో సుమారు రెండుకోట్ల పౌనులతో రాజీపడినది; కారణము, వారు సజీవులై కోర్టుకెక్కిరి, దస్త్రములు బయటపడినవి. నమీబియాకు జర్మనీ 2021లో 110 కోట్ల యూరోలు ఇవ్వజూపి, దానిని పరిహారమని మాత్రము అననన్నది. కరిబియను దేశములు 2014లో పదియంశముల కోరికపత్రము సమర్పించినవి. మనవైపునుండి శశి థరూరుగారు 2015లో ఆక్సుఫర్డు సభలో, ఏడాదికొక పౌను చొప్పున రెండువందల యేండ్లు లాంఛనముగా ఇచ్చినను చాలునని వాదించి చప్పట్లు పొందిరి. చప్పట్లు మంచివే. ఒక్క పౌను లెక్కలో, నందననాటి మృతుడు ఎన్నవ భిన్నమో నాకు తెలియదు.

ఇచ్చట ప్రతిపక్షవాదము ఒకటి తప్పక వినవచ్చును: కరువు చూచి కాటను దొర కదలలేదా, ధవళేశ్వరము ఆనకట్ట కట్టలేదా, 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తిచేసి తెనాలి, రేపల్లె తాలూకాలను ధాన్యాగారము చేయలేదా? చేసిరి. కాటనుగారిపై డెల్టావాసుల భక్తి కృతకమైనది కాదు. నేనును దానిని పరిహసింపను. కాని ఆయన తన పైవారిని ఒప్పించుటకు వాడిన వాదమేది? గుంటూరు కరువువలన పోయిన ప్రాణములతోపాటు, పోయిన సిస్తు ఎంతయో, నీరు పాఱిన వచ్చు లాభమెంతయో రూపాయలలో లెక్కవేసి చూపవలసివచ్చెను. ఆనకట్టలు కట్టినది మన పన్నుతో. వానిపై నీటితీరువ వసూలుచేసినది వారు. పెట్టుబడి పెట్టి లాభము తీసినవాడు దానమిచ్చితినని చెప్పుకొనరాదు. మఱియు ఆ నీరు పల్లమునకే గాని మెట్టకు చేరలేదు. నందనవంటి కరువు మఱింత కాల్చగల పలనాడు, దర్శి, మార్కాపురము మెట్టలకు, 1955లో నెహ్రూ శంకుస్థాపనచేసిన నాగార్జునసాగరము 1967లో నీరు విడుచువఱకు కాలువ అను మాటయే లేదు. నేటికిని అందనివి కలవు. (మిరపకాయ మాత్రము పోర్చుగీసువారి ఓడలలో అమెరికానుండి వచ్చినదే, దానికి మనమెవరికి చెల్లింపవలెనని ఒక మిత్రుడు నన్నడిగెను, మెక్సికో అడిగినప్పుడు ఆలోచింతమంటిని.)

కరువు పద్దులో మిగిలిన మఱియొక వస్తువున్నది. అది కంటికి కనబడునది, తూచదగినది. కరువు దెబ్బతో జమీందార్ల సిస్తుబాకీలు కొండలై, గుంటూరు వ్యవహారము చిక్కుపడగా, దానిని విచారించుటకు 1845లో కమిషనరుగా వచ్చిన వాల్టరు ఇలియటు, అదే సంవత్సరము అమరావతి స్తూపమును త్రవ్వించెను. అక్కడ బయల్పడిన శిల్పములు మద్రాసు చేరి, 1859లో ఓడనెక్కి, 120కి పైగా లండను పోయినవి. వానిని మనము పాడుచేయుచుంటిమి, వారు కాపాడిరి అను మాటలో సగము నిజము లేకపోలేదు. జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు అమరావతి కట్టించుకొనునాడు స్తూపపు ఇటుకలును రాళ్లును ఇండ్లకు, గుడులకు పోయినవి. అయితే కాపాడిన తీరును చూడుడు: ఫెర్గుసను పండితుని కంటబడునాటికి అవి ఒక భవనపు గుఱ్ఱపుబండ్ల కొట్టములో పడియున్నవి, బ్రిటిషు మ్యూజియము చేరునప్పటికి 1880 వచ్చినది. 1992లో గాని వానికి తగిన ప్రత్యేకశాల ఏర్పడలేదు. రాష్ట్రమేమో తన కొత్త రాజధానికి ఆ పేరే పెట్టుకొన్నది.

శిల్పములు తిరిగి యిమ్మన్నచో, 1963 నాటి బ్రిటిషు మ్యూజియము శాసనము అడ్డమనెదరు. ఆ శాసనమునకే 2009లో, నాజీలు దోచిన వస్తువుల విషయమున, పార్లమెంటు మినహాయింపు చేసినది గనుక, అడ్డము దాటరానిది కాదు. దీనికి ప్రక్కగా ఒంగోలు సీమ ఉదాహరణ యొకటి కలదు. గుండ్లకమ్మ ఒడ్డున చందవరము బౌద్ధక్షేత్రమునుండి దొంగిలింపబడిన, బుద్ధుని ఆరాధించు భక్తుల శిల్పమును, 2005లో ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాల న్యూయార్కు వర్తకురాలివద్ద కొని, దొంగసొత్తని తేలిన పిమ్మట 2016లో మన దేశమునకు అప్పగించినది. చందవరపు శిల్పము దొంగచాటున పోయినది గనుక తిరిగివచ్చినది. అమరావతి శిల్పములు ప్రభుత్వోద్యోగి దర్జాగా పంపినవి గనుక రాలేదు. కొల్లగొన్నవాడే చట్టమును చేసికొన్న కాలమునకు, ఆ కాలపు చట్టమునే సాక్ష్యముగా పిలుచుట యేమి న్యాయమో న్యాయశాస్త్రజ్ఞులు చెప్పవలెను.

సొమ్ము మాటకు వత్తము. ఒకవేళ లండను దయదలచి పంపినను, అది ఎవరికి చెందవలెను? ఏ కరువునందైనను మొదట రాలునది సెంటు భూమి లేని కూలి, మగ్గము ఆగిన నేతగాడు. కిస్తు వసూలు చేసినవారిలోను, గాదె మూసినవారిలోను మనవారున్నారు. వారి సంతతి నేడు ఈ సీమలో పొలము, పదవి, మిల్లు కలవారు. పాలేరుతనమును కంపెనీ సృష్టింపలేదు. 1985లో కారంచేడులోను, 1991లో చుండూరులోను దళితుల హత్యాకాండను చూచిన నేలమీద నిలిచి, పరిహారము కోరు చేయి ఒక్క పడమటివైపే చాచుట నాకు కొంత సిగ్గుగా తోచును. వచ్చిన సొమ్ము రాజధాని ఖజానాలో పడి, అందుండి ఎవరెవరి గుత్తలకో పోవునని ఊహించుటకు జ్యోతిషము రానక్కఱలేదు.

అందుచేత నా కోరిక మనిషికింత అను పంపకము కాదు. మొదట, గుంటూరు కలెక్టరు కచ్చేరీ నుండి మద్రాసుకును లండనుకును పోయిన 1830 నాటి సిస్తు, కరువు దస్త్రముల నకళ్లు సంపూర్ణముగా ఈ జిల్లాలకు రావలెను. లెక్క చూడనిదే బాకీ తేలదు. రెండవది, అమరావతి శిల్పములు. మూడవది సొమ్మే, కాని నీటి రూపమున: ఫ్లోరైడు నీరు త్రాగి ఎముకలు వంగిన కనిగిరి మెట్టపల్లెలకు, 1996లో పునాదిరాయి పడి మూడు దశాబ్దములుగా సాగుచునేయున్న వెలిగొండ కాలువలకు. ఈ మూడవదానిలో బ్రిటను చెల్లింపవలసిన భాగమెంతయో వాదింపవచ్చును. మన ప్రభుత్వములు చెల్లింపవలసిన భాగమునకు వాదమే అక్కఱలేదు, తేదీలు చాలును.