వాన పడిన పొద్దున కారు ఎందుకు మిస్ కొడుతుంది?

ప్రశ్న: మా తాతయ్య దగ్గర పాత మారుతి 800 ఉంది. రాత్రి వాన పడితే పొద్దున స్టార్ట్ చేయగానే కారంతా కుదిపేస్తుంది. ‘ఇంజిన్ మిస్ కొడుతోంది’ అంటాడు తాతయ్య. కాసేపటికి దానంతటదే సర్దుకుంటుంది. ఇంకో చప్పుడు కూడా వస్తోంది, అది ఎక్కణ్నించో ఎవరికీ తెలియడం లేదు. ఎందుకిలా? ఎలా కనిపెట్టాలి?
– తొమ్మిదో తరగతి విద్యార్థిని, అప్పనపల్లి

మంచి ప్రశ్నమ్మా. ‘కాసేపటికి దానంతటదే సర్దుకుంటుంది’ అన్నావు చూడు, సగం జవాబు ఆ మాటలోనే ఉంది. అక్కడికి వచ్చేముందు, అసలు ఇంజిన్ సరిగ్గా నడవడమంటే ఏమిటో చూద్దాం.

మారుతి 800కి మూడు సిలిండర్లు. ఒక్కోదాంట్లోకి గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమం వెళ్తుంది. పిస్టన్ పైకి లేచి దాన్ని గట్టిగా నొక్కుతుంది. ఆ నొక్కుడు పూర్తి కావస్తుండగా స్పార్క్ ప్లగ్ కొన దగ్గర నిప్పురవ్వ పుడుతుంది. మిశ్రమం అంటుకుని పిస్టన్‌ను కిందికి తోస్తుంది. ఆ తోపులే చివరికి చక్రాల దాకా వెళ్తాయి. ముగ్గురు ఆడవాళ్లు ఒకే రోట్లో వంతులవారీగా రోకలిపోటు వేస్తుంటే ఒక లయ పుడుతుంది కదా, ఇంజిన్‌కూ అలాంటి లయే ఉంటుంది. ఒకరు పోటు తప్పితే ఆ లయ కుంటుతుంది. మెకానిక్కులు ‘మిస్సింగ్’ అనేది దాన్నే.

ఇంజిన్ రెండు చుట్లు తిరిగితే ఒక్కో సిలిండర్‌కు ఒకసారి వంతు వస్తుంది. బండి కదలకుండా ఇంజిన్ మాత్రం నిమిషానికి 900 చుట్లు తిరుగుతోందనుకో. ఒక్కో సిలిండర్ నిమిషానికి 450 సార్లు, అంటే సెకనుకు ఏడెనిమిది సార్లు మండాలి. ఒక సిలిండర్ పడుకుంటే సెకనుకు అన్నిసార్లు తోపు లోపిస్తుంది. లెక్కపెట్టలేనంత వేగం అది, అయినా కూర్చున్నవాళ్ల ఒంటికి తెలుస్తుంది. నాలుగు సిలిండర్ల కారులో ఒకటి పోతే మిగిలిన మూడూ కాస్త సర్దుకుంటాయి. మూడింట్లో ఒకటి పోతే మూడోవంతు బలం పోయినట్టే. అందుకే తాతయ్య కారు అంతలా ఊగుతుంది.

సిలిండర్‌లో మంట పుట్టాలంటే మూడు కావాలి: సరైన పాళ్లలో మిశ్రమం, గట్టి నొక్కుడు, వేళకు నిప్పురవ్వ. ఏది తప్పినా మిస్సే. మరి మీ ఇంట్లో వాన పడిన పొద్దునే ఎందుకు? నొక్కుడుకూ వానకూ సంబంధం లేదు. పిస్టన్ రింగులు అరిగితే ఎండలోనూ అరిగే ఉంటాయి. మూడింట్లో తడికి ఎక్కువగా లొంగేది నిప్పురవ్వ.

ఆ నిప్పురవ్వ వచ్చే దారి చూడు. బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులే. ఇగ్నిషన్ కాయిల్ దాన్ని వేల వోల్టులకు పెంచుతుంది. ఆ కరెంటు డిస్ట్రిబ్యూటర్‌లోకి వస్తుంది. అక్కడ లోపల తిరిగే రోటర్ ఏ సిలిండర్ వంతైతే ఆ వైరులోకి దాన్ని పంచుతుంది. వైరు చివర ప్లగ్. ప్లగ్ కొన దగ్గర ఒక మిల్లీమీటరు కూడా లేని సందు. ఆ సందును కరెంటు దూకితేనే నిప్పురవ్వ. సిలిండర్‌లో నొక్కుడు పడిన గాలిని చీల్చుకుని దూకడం సులువేమీ కాదు. ఇంతకన్నా తేలికైన దారి మధ్యలో ఎక్కడ దొరికినా కరెంటు అటే పోతుంది.

మీ కోనసీమ గాలి ఆ తేలికైన దారిని చూపిస్తుంది. చుట్టూ వైనతేయ నది, కాలువలు, కొబ్బరితోటలు, అవతల సముద్రం. గాలిలో తేమతోపాటు ఉప్పు కూడా ఉంటుంది. రాత్రి ఇంజిన్ చల్లారాక డిస్ట్రిబ్యూటర్ మూత లోపలా, వైర్ల మీదా ఆ తేమ చెమ్మగా పడుతుంది. స్వచ్ఛమైన నీరు కరెంటును అంతగా పోనివ్వదు. ఉప్పూ దుమ్మూ కలిసిన చెమ్మ మాత్రం బాగా పోనిస్తుంది. ప్లగ్ దాకా వెళ్లాల్సిన కరెంటు మూత మీదనుంచే ఇంజిన్ ఇనుములోకి జారిపోతుంది. ఇంజిన్ వేడెక్కాక చెమ్మ ఆరిపోతుంది, కరెంటు మళ్లీ ప్లగ్‌కు చేరుతుంది. ‘దానంతటదే సర్దుకోవడం’ అంటే ఇదే.

దీన్ని కళ్లారా చూడొచ్చు. చీకటి పడ్డాక, ఆరుబయట, బానెట్ ఎత్తి ఇంజిన్ ఆన్ చేయమను. దూరంగా నిలబడి చూస్తే పాత వైర్ల మీద నీలం మెరుపులు సన్నగా పాకుతూ కనిపిస్తాయి. కొత్త వైర్లయితే ఏమీ కనిపించదు. చెయ్యి మాత్రం పెట్టకూడదు. ఇంజిన్ ఆపాక మూత విప్పి లోపల చూస్తే, ఒక ఇత్తడి మొన నుంచి ఇంకోదానికి గీసినట్టు సన్నని నల్లగీత ఉండొచ్చు. కరెంటు రోజూ అదే దారిన పోయి ప్లాస్టిక్‌ను కాల్చిన గుర్తు అది. గీత లేకపోతే పొడిగుడ్డతో తుడిస్తే చాలు. గీత పడితే మూత మార్చాల్సిందే, ఎంత తుడిచినా మళ్లీ చెమ్మ పట్టిన రోజున అదే తంతు.

అయితే అన్ని మిస్సులూ తడివల్ల రావు. అందుకే మంచి మెకానిక్ బానెట్ ఎత్తేముందు ‘ఎప్పుడొస్తోంది?’ అని అడుగుతాడు. ఆ మాట అడక్కుండానే ప్లగ్గులు, వైర్లు, గాలినీ పెట్రోలునూ కలిపే కార్బురేటర్ వరసగా మార్చేసేవాళ్లున్నారు. కారు బాగుపడినా ఏది మార్చితే బాగుపడిందో వాళ్లకే తెలియదు. నిలబడి ఉన్నప్పుడు కుంటుతూ, యాక్సిలరేటర్ తొక్కగానే బాగుపడితే, ఎక్కడో రబ్బరు గొట్టం చిట్లి దొంగగాలి లోపలికి పోతోందని అనుమానించాలి. చెవి పెడితే ‘స్స్’ మని వినిపిస్తుంది. దీనికి భిన్నంగా, ఇంజిన్ మీద బరువు పడినప్పుడే మిస్ అయితే నిప్పురవ్వకు బలం చాలడం లేదు. అప్పుడు సిలిండర్‌లో నొక్కుడు ఎక్కువ, దూకడం మరీ కష్టం. కోనసీమలో కొండల్లేవు కాబట్టి ఆ పరీక్ష మీ దగ్గర్లోని బోడసకుర్రు వంతెన ఎక్కేటప్పుడే!

కారు వారాలతరబడి షెడ్డులోనే ఉండి, తీసిన రోజున మిస్ కొడితే పెట్రోలును అనుమానించు. 2025 నాటికి మన పెట్రోలులో ఇథనాల్ పాలు 20 శాతానికి చేరింది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పాత కార్ల రబ్బరు గొట్టాలు దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. అవి పగుళ్లిస్తున్నాయేమో ఏడాదికోసారైనా చూపించుకోవాలి. పెట్రోలు కారితే మిస్ కాదు, నిప్పే అంటుకోవచ్చు.

ఇక ఏ సిలిండర్ మిస్ అవుతోందో కనిపెట్టడం. కార్బురేటర్ కారులో పాతకాలం పద్ధతి ఒకటుంది. ఇంజిన్ నడుస్తుండగా మెకానిక్ ఇన్సులేషన్ ఉన్న పటకారుతో ఒక్కో ప్లగ్ వైరు లాగుతాడు. లాగగానే ఇంజిన్ ఇంకా కుంటితే ఆ సిలిండర్ అంతదాకా పనిచేస్తున్నట్టు. లాగినా ఏ మార్పూ లేకపోతే దొంగ అదే. ఇది నువ్వు చేసే పని కాదమ్మా, పక్కన నిలబడి చూడు. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న కార్లలో ఎవరూ చేయకూడదు. కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది.

దొంగ దొరికాక, ఆ ప్లగ్‌ను పక్క సిలిండర్‌లోకి మార్చి చూస్తారు. మిస్ కూడా అటే వెళ్తే తప్పు ప్లగ్‌ది. విప్పిన ప్లగ్ కొన లేత గోధుమరంగులో ఉంటే ఆరోగ్యం. పొడిమసి పడితే పెట్రోలు ఎక్కువ పోతోంది. జిడ్డుగా ఉంటే ఆయిల్ పైకొస్తోంది. పెట్రోలుతో తడిసి ఉంటే మంటే అంటలేదు.

ఇప్పుడు ఆ అంతుచిక్కని చప్పుడు సంగతి. చెవులు మోసపోతాయి. ఇంజిన్ అంతా ఇనుమే కాబట్టి ఒక మూల పుట్టిన చప్పుడు ఇంకో మూల వినిపిస్తుంది. అందుకే మెకానిక్ పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజిన్‌కు ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకుంటాడు (ఫ్యాన్‌కూ బెల్టుకూ దూరంగా). చప్పుడు పుట్టిన చోటికి వచ్చేసరికి అది చెవిలో గట్టిగా మోగుతుంది.

పైభాగంలో తేలిగ్గా ‘టిక్ టిక్’ మంటే అది వాల్వుల దగ్గరి ట్యాపెట్ సౌండ్. వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ ఇంజిన్ వేగంలో సగం వేగంతోనే తిరుగుతుంది కాబట్టి ఆ టిక్కులూ సెకనుకు ఏడెనిమిదే. వాల్వు దగ్గరి సందు కొలిచి సరిచేస్తే పోతుంది. చల్లగా ఉన్నప్పుడు మోగి వేడెక్కాక తగ్గే ‘టప్ టప్’ సైలెన్సర్ మొదట్లో లీకు కావచ్చు, ఇనుము వేడికి వ్యాకోచించి సందు మూసుకుంటుంది. తడి పొద్దున ‘కీచ్’ మంటే ఫ్యాన్ బెల్టు.

భయపడాల్సింది ఒక్కటే. ఇంజిన్ అడుగు నుంచి బరువుగా, సుత్తితో కొట్టినట్టు, టిక్కులకు రెట్టింపు వేగంతో వచ్చే ‘టక టక’. అది పిస్టన్ తోపును కిందికి చేరవేసే కనెక్టింగ్ రాడ్ బేరింగ్ అరిగిన గుర్తు. ఇందాకటి వైరు పరీక్షే ఇక్కడా పనికొస్తుంది. బేరింగ్ అరిగిన సిలిండర్ ప్లగ్ వైరు లాగితే మంట తోపు ఆగిపోయి టక టక తగ్గుతుంది. ట్యాపెట్ చప్పుడైతే తగ్గదు, ఎందుకంటే దానికి మంటతో పనిలేదు. ఈ చప్పుడుతో పాటు డ్యాష్‌బోర్డు మీద ఆయిల్ లైటు కూడా వెలిగితే ఇంటిదాకా వెళ్దామనుకోకుండా రోడ్డు పక్కనే ఆపేయాలి. డిస్ట్రిబ్యూటర్ మూత మార్చేది చిన్న ఖర్చు, ఇంజిన్ దించి బేరింగ్‌లు మార్చడం అలా కాదు.

ఇంకొక్క మాట తాతయ్యకు చెప్పమ్మా. జూలై, ఆగస్టుల్లో గోదావరి పొంగి మీ అప్పనపల్లి కాజ్‌వే మీద నీళ్లు పారుతున్నప్పుడు కారు దింపొద్దు. పొరపాటున నీళ్లలో ఆగిపోతే ఇది వాన పొద్దుటి మిస్సే అనుకుని మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొట్టొద్దు. గాలి నొక్కితే నొక్కుడు పడుతుంది, నీరు పడదు. సిలిండర్‌లో నీళ్లుండగా ఇంజిన్ తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. నలుగురిని పిలిచి కారును గట్టుకు నెట్టించి, ప్లగ్గులు విప్పి నీళ్లు బయటికి పోయాకే తాళం తిప్పమని చెప్పు.