ఈతిబాధలు – చీడపురుగులకు రైతు పెట్టిన పేర్లు

పంటకు కలిగే ఉపద్రవాలను సంస్కృత గ్రంథకర్తలు ‘ఈతి’ శబ్దంతో వ్యవహరించారు. అతివృష్టి, అనావృష్టి, మూషికాలు, శలభాలు, శుకాలు, సమీపస్థ శత్రురాజులు – ఇవి షడీతులు. ఈతిబాధలు లేని రాజ్యమని ప్రభువును కీర్తించడం కావ్యసంప్రదాయం. సురపాలుని వృక్షాయుర్వేదం తరువుల వ్యాధులను వాత పిత్త కఫ భేదాలతో విభజించింది. ఆ గ్రంథానికి నళినీ సాధలే చేసిన ఆంగ్లానువాదం 1996లో సికింద్రాబాదు నుండి వెలువడింది. శాస్త్రగ్రంథాల ఈ విభజనతోపాటు, పొలంలో పుట్టిన తెలుగు పేర్లలో నిక్షిప్తమైన పరిజ్ఞానం కూడ పరిశీలింపదగినది.

ఇందుకు మేళ్లచెరువు, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతం తగిన క్షేత్రం. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీరు విడుదలైన తరువాత ఎడమ కాలువ కింద వరిసాగు విస్తరించింది. వరితోపాటు పత్తి, మిరప పంటలూ ఇక్కడ ఉన్నాయి.

రైతు పెట్టిన పేరు సాధారణంగా పురుగు రూపాన్ని గాక, అది చేసే హానిని చెబుతుంది. వరిలో ఉల్లికోడు సోకిన పిలక ఉల్లికాడవలె గొట్టమై, వెన్ను వేయదు. ‘దోమపోటు’లోని దోమ మనుషులను కుట్టే దోమ కాదు, దుబ్బు మొదట చేరి రసం పీల్చే కీటకం. ఆ పీల్చడమే ‘పోటు’. చేను సుడులు సుడులుగా ఎండుతుంది కనుక దానికే సుడిదోమ అని మరో పేరు. పురుగు మొదట ఉండగా ఆకులపై మందు చల్లిన ప్రయోజనం స్వల్పం. అందువల్లనే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట విడిచి నాటవలెనని శాస్త్రజ్ఞులు సూచిస్తారు.

ఒక్కొక్కప్పుడు ఒకే పురుగుకు రెండు పేర్లు ఏర్పడతాయి. కాండం తొలుచు పురుగు పిలక దశలో సోకితే మొవ్వు చనిపోతుంది. ఈనిక దశలో సోకితే తెల్లకంకి వస్తుంది. ఈ రెండూ వేర్వేరు తెగుళ్లని భావించే రైతు తెల్లకంకి కనబడిన తరువాత మందు కొంటే, ఆ వ్యయం వృథా. నాటుటకు ముందు నారు కొసలు తుంచితే వాటిపైనున్న గుడ్ల సముదాయాలు నశిస్తాయి.

మిరపలో నామభేదం చికిత్సాభేదాన్నే తెలుపుతుంది. ఆకు అంచులు పైకి ముడుచుకొంటే ‘పై ముడత’. కారణం తామర పురుగు. కిందికి ముడుచుకొంటే ‘కింది ముడత’, కారణం నల్లి. మొదటిది ఆరు కాళ్ల కీటకం. రెండవది సాలెపురుగు వర్గానికి చెందిన ఎనిమిది కాళ్ల జీవి. ఒకదాని మందు మరొకదానికి పనిచేయకపోవచ్చును.

అయితే పాత పేరు కొత్త ఉపద్రవాన్ని పూర్తిగా పట్టి ఇవ్వలేదు. ఆగ్నేయాసియాకు చెందిన త్రిప్స్ పార్విస్పైనస్ అనే తామర పురుగును మన దేశంలో 2015లో బెంగళూరులో బొప్పాయిపై గుర్తించారు. 2021లో అది తెలుగు రాష్ట్రాల మిరపతోటలను తీవ్రంగా నష్టపరచింది. ఇది పూలలో గుంపులుగా చేరుతుంది, పూత రాలిపోతుంది. ‘పై ముడత’ అన్న పేరు దృష్టిని ఆకుపై నిలుపుతుంది. ఈ పురుగును వెదకవలసింది పువ్వులో. ‘నల్ల తామర పురుగు’ అన్న కొత్త పేరు ఈ అవసరం నుండి వ్యాప్తిలోకి వచ్చింది.

గరిడేపల్లి మండలం గడ్డిపల్లిలోని కృషి విజ్ఞాన కేంద్రం వంటి సంస్థలు రైతుకు చేరువగా ఉన్నాయి. వాటి సూచనలు రైతు పలికే పేరుతో ఆరంభమై, ఆ పేరు చెప్పని విషయాన్ని చేర్చినపుడే సార్థకమవుతాయి. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వాన 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలకే కేటాయింపబడింది. తరువాతి కాలపు పురుగుల పేర్లను ఊరూరా సేకరించి, లక్షణంతో, దశతో జతపరచడం భాషాపరిశోధకులు చేయదగిన పని. అది నిఘంటువుకు ఎంత అవసరమో, రైతు కొనే మందు సరియైనదగుటకూ అంతే అవసరం.