హైబ్రిడా, మామూలు బండా? పేరు గాదు, లీటర్లు లెక్కవెట్టుండ్రి

మా దిక్కు ఊళ్లల్ల పెద్ద బండ్ల మోజు మస్తు పెరిగింది. పెండ్లికి పోయినా, మీటింగుకు పోయినా పెద్ద డీజిల్ బండిల దిగితెనే ఇజ్జత్ అన్నట్టు అయింది. ఇంకో దిక్కు, హైదరాబాద్‌ల క్యాబ్ నడిపే మా దోస్తులు "హైబ్రిడ్ తీసుకుంటే పొగే ఉండదట గదా" అని అడుగుతున్నరు. రెండు ముచ్చట్లకూ నా జవాబు ఒక్కటే. బండి మీద రాసిన పేరు కాదు, అది తాగే నూనె చూడాలె.

లీటర్ పెట్రోల్ కాలితే దగ్గర దగ్గర 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిల కలుస్తది. డీజిల్ అయితే 2.7 కిలోల దాక. లీటర్ పెట్రోల్ తూకమే ముప్పావు కిలో, మరి ఇంత గ్యాస్ ఎట్లొచ్చిందంటరా? పెట్రోల్‌ల ఉన్న కార్బన్ గాలిల ఉన్న ఆక్సిజన్‌తోని కలుస్తది, ఎక్కువైన బరువు ఆ ఆక్సిజన్‌దే. బీఎస్-6 బండ్లల్ల మసిని ఆపే ఫిల్టర్లు ఉన్నయి గని, ఈ గ్యాస్‌ను అవి ఆపవు. తక్కువ నూనె కాల్చుడే దీనికి మందు.

హైబ్రిడ్ అంటే కరెంటు బండి అనుకునేటోళ్లు శాన మంది ఉన్నరు. మన దగ్గర ఎక్కువ నడిచే హైబ్రిడ్ కార్లకు చార్జింగ్ ప్లగ్గే ఉండదు. వాటి తిండి పెట్రోలే. మరి ఫాయిదా ఏంది? మామూలు బండి బ్రేక్ కొడితే దాని ఊపంత వేడై పోతది. హైబ్రిడ్‌ల మోటర్ ఆ ఊపుల కొంత భాగాన్ని కరెంటు చేసి బ్యాటరీల దాస్తది. సిగ్నల్ కాడ ఇంజన్ బంద్ అయితది, మెల్లగ కదిలేటప్పుడు మోటరే గుంజుతది. 1997ల జపాన్‌ల వచ్చిన టయోటా ప్రియస్ ఈ పద్ధతితోనే పేరు తెచ్చుకున్నది.

'మైల్డ్ హైబ్రిడ్' అని రాసి ఉంటే మాత్రం జర ఆగుండ్రి. దాంట్ల చిన్న మోటర్ ఇంజన్‌కు ఆసరా ఇస్తది గంతే, ఒక్కతే బండిని గుంజలేదు. 2015ల కేంద్రం తెచ్చిన ఫేమ్ స్కీముల వీటికి సుత సబ్సిడీ ఇచ్చిండ్రు, 2017ల బంద్ చేసిండ్రు.

ఒకటే బండిల రెండు రకాలు పోల్చి చూద్దాం. ఇన్నోవా హైక్రాస్ మామూలు పెట్రోల్ రకానికి కంపెనీ చెప్పిన మైలేజీ 16.13, హైబ్రిడ్‌కు 23.24. ఏడాదికి 15,000 కిలోమీటర్లు తిరిగితే మొదటిది 930 లీటర్లు తాగుతది, రెండోది 645. అంటే 285 లీటర్లు మిగులుతయి, 650 కిలోల గ్యాస్ తగ్గుతది. లీటర్ వంద రూపాయల లెక్కన చూసినా 28,500 మిగులుతయి. గని హైబ్రిడ్ రేటు లక్షల్ల ఎక్కువ. అమీర్‌పేట ట్రాఫిక్‌ల రోజంత తిరిగే క్యాబ్‌కు ఆ పైసలు జల్ది తిరిగొస్తయి. వారానికోసారి వరంగల్ హైవే ఎక్కేటోనికి కష్టమే. ఒకటే స్పీడ్‌ల పోతే బ్రేక్ పడేది తక్కువ, బ్రేక్ పడకుంటే బ్యాటరీల చేరే కరెంటూ తక్కువ.

బ్యాటరీ తయారుచేసుడు సుత ఖనిజాలు తవ్వే పనే. అయితే హైక్రాస్ హైబ్రిడ్ బ్యాటరీ శాన చిన్నది. పూర్తి కరెంటు కార్లల్ల 30, 40 యూనిట్ల బ్యాటరీలు ఉంటయి.

ఇప్పుడు అసలు లెక్క. అదే 15,000 కిలోమీటర్లకు, లీటరుకు 10 ఇచ్చే బండిని వదిలి 15 ఇచ్చేది తీసుకుంటే 500 లీటర్లు మిగులుతయి. 20 ఇచ్చే బండిని వదిలి 28 ఇచ్చే హైబ్రిడ్ తీసుకుంటే మిగిలేది 214 లీటర్లే. మైలేజీ అంకె చూస్తే రెండోదే గొప్పగ కొడ్తది, గాలికి మేలు మాత్రం మొదటిదాంతోనే ఎక్కువ. అందుకే ముందుగాల తగ్గాల్సింది ఎక్కువ తాగే పెద్ద బండ్లు.

ఎంత మంది ఎక్కిండ్రన్నదీ చూడాలె. లీటరుకు 60 ఇచ్చే బైక్ మీద ఇద్దరు పోతే, ఒక్కడు ఎక్కిన ఏ హైబ్రిడ్ కారూ దానికి సాటి రాదు. బస్సు లీటరుకు అయిదు కిలోమీటర్లే పోయినా, 40 మంది ఎక్కితే ఒక్కొక్కని వంతుకు 200 కిలోమీటర్లు పడ్తది.

కాబట్టి తమ్మీ, షోరూముకు పోయే ముందుగాల మూడు ముచ్చట్లు కాయిదం మీద రాసుకో: ఏ తొవ్వల తిరుగుతవు, ఏడాదికి ఎంత తిరుగుతవు, బండిల ఎంత మంది ఉంటరు. రోజంత పట్నంల తిరిగేటోనికి హైబ్రిడ్ మంచిదే. ఇజ్జత్ కోసం పెద్ద డీజిల్ బండి తీసుకుంటే ఈఎంఐ నువ్వు కడ్తవు, దాని పొగ మాత్రం ఊరంత పీలుస్తది.