సిలిండర్లకు సెలవిస్తే ఇంధనం మిగిలేనా?

న్యూఢిల్లీ: అవసరం లేనప్పుడు ఇంజన్‌లో సగం సిలిండర్లను ఆపివేసి ఇంధనం పొదుపు చేసే ఏర్పాటును పాత ఎస్‌యూవీకి అమర్చుకోవచ్చునా? పెట్రోలు, డీజిల్ ఖర్చుతో సతమతమయ్యే రాజధాని ప్రాంత వాహన యజమానులకు ఈ ఆలోచన ఆకర్షణీయమైనదే. ఆచరణలో మాత్రం అది డబ్బు పోగొట్టుకునే మార్గంగా పరిణమించే ప్రమాదం ఉంది.

సూత్రం కొత్తది కాదు. ఎనిమిది సిలిండర్లు ఆరుకు, నాలుగుకు తగ్గే ఇంజన్‌ను జనరల్ మోటార్స్ సంస్థ 1981లోనే కాడిలాక్ కార్లలో ప్రవేశపెట్టింది. నాటి కంప్యూటర్ నియంత్రణ సరిగా పనిచేయక అది అపఖ్యాతి పాలైంది. మన దేశంలో 2021లో విడుదలైన స్కోడా కుషాక్, ఫోక్స్‌వ్యాగన్ టైగూన్‌ల 1.5 లీటర్ల పెట్రోలు ఇంజన్లు ఇదే విధానంతో వచ్చాయి. భారం తక్కువగా ఉన్నప్పుడు వాటిలోని నాలుగు సిలిండర్లలో మధ్యనున్న రెండూ విశ్రమిస్తాయి.

పెట్రోలు ఇంజన్ తేలికగా నడిచేటప్పుడు గాలి ద్వారం దాదాపు మూసుకొని ఉంటుంది. గాలిని బలవంతంగా పీల్చుకోవడానికే పిస్టన్ల శక్తి కొంత వృథా అవుతుంది. సగం సిలిండర్లు ఆగితే మిగిలిన వాటిపై భారం పెరిగి ద్వారం మరింత తెరుచుకుంటుంది, ఆ మేరకు వృథా తగ్గుతుంది. యమునా ఎక్స్‌ప్రెస్‌వేపై నిలకడైన వేగంతో ఆగ్రా వెళ్లేవారికి ఈ ఆదా కనిపించవచ్చు. అడుగడుగునా ఆగే గురుగ్రామ్ ట్రాఫిక్‌లో దానికి అవకాశం తక్కువ. పైగా డీజిల్ ఇంజన్‌లో గాలిని అలా అడ్డుకోవలసిన పని సాధారణంగా ఉండదు కనుక ప్రయోజనం స్వల్పమే. పాత పెద్ద ఎస్‌యూవీలలో అధికభాగం డీజిల్‌వే కావడం గమనార్హం.

పెట్రోలు బండిలో రెండు ఇంజెక్టర్ల వైర్లు ఊడదీస్తే సరిపోదా అన్న సందేహం కలగవచ్చు. సరిపోదు. వాల్వులు యథావిధిగా తెరుచుకుంటూ మండని గాలిని సైలెన్సర్ గొట్టంలోకి నెడతాయి. అందులోని ఆక్సిజన్‌ను గుర్తించిన సెన్సర్ ఇంధనం చాలడం లేదని పొరబడి, పనిచేస్తున్న సిలిండర్లకు మరింత పంపిస్తుంది. వాల్వులనే మూసి ఉంచాలంటే క్యామ్‌షాఫ్ట్ మొదలుకొని కంప్యూటర్ ప్రోగ్రాం వరకు మార్చాలి. వీధి చివర మెకానిక్ చేయగల పని కాదిది.

తయారీదారు నిర్దేశించిన స్వరూపానికి భిన్నంగా వాహనాన్ని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ను ఉటంకిస్తూ సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. సీఎన్‌జీ, విద్యుత్ కిట్లకు మాత్రం ఆమోద మార్గం ఉంది. మానేసర్‌లోని ఐక్యాట్ వంటి సంస్థలు వాటిని పరీక్షించి ధ్రువీకరిస్తాయి. పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలను విద్యుత్‌కు మార్చుకునేందుకు అనుమతిస్తామని ఢిల్లీ ప్రభుత్వం 2021 నవంబరులో ప్రకటించింది.

కాగా, పెట్టిన ఖర్చు తిరిగి రావాలంటే బండి మరికొన్నేళ్లు రోడ్డుపై ఉండాలి కదా! రాజధాని ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు వాహనాలపై నిషేధాన్ని సుప్రీంకోర్టు 2018 అక్టోబరులో సమర్థించింది. వాటి యజమానులపై కఠిన చర్యలు వద్దని 2025 ఆగస్టు 12న ఆదేశించినప్పటికీ, అదే ఏడాది డిసెంబరులో ఆ వెసులుబాటును బీఎస్-4, ఆపై ప్రమాణాల వాహనాలకే పరిమితం చేసింది. ఢిల్లీలో బీఎస్-4 అమలులోకి వచ్చింది 2010 ఏప్రిల్‌లో. అంతకు ముందు కొన్న డీజిల్ ఎస్‌యూవీకి ఆ రక్షణ వర్తించదు.