మీదే ఊరు?

ఉదయం ఆరు గంటలు. నాచారం, హబ్సిగూడ కాలనీల్లో ఏ పార్కుకెళ్లినా దాదాపు ఒకటే దృశ్యం. మఫ్లర్ చుట్టుకున్న పెద్దవాళ్లు నాలుగు రౌండ్లు నడిచి సిమెంటు బెంచీ మీద చేరతారు. షుగరు, పెన్షను, అమెరికాలో ఉన్న మనవడు... కబుర్లన్నీ అయ్యాక ఎవరో ఒకరు అననే అంటారు, ‘ఈమధ్య మన కాలనీలో తెలిసినవాళ్లే కనబడట్లేదు’ అని.

నిజమే. కింది పోర్షన్‌లో మలయాళీ నర్సు. పైన ఒడిశా కుర్రాళ్లు. ఎదురింట్లో బెంగాలీ దంపతులు. కిరాణా కొట్టులో రాజస్థానీ సేటు. గేటు దగ్గర బీహారీ వాచ్‌మన్. అన్నీ రోజూ కనిపించే ముఖాలే. పేర్లే తెలియవు!

ఉప్పల్ నుంచి ఘట్‌కేసర్ దాకా హైదరాబాద్ తూర్పు దిక్కు పెరిగిన తీరు అలాంటిది. 2007లో ఉప్పల్ గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది. 2016లో జిల్లా పేరే మారింది. రంగారెడ్డి కాస్తా మేడ్చల్-మల్కాజిగిరి అయింది. 2017 నవంబరులో ఉప్పల్ మీదుగా మెట్రో పరుగు మొదలైంది. పోచారంలో ఐటీ క్యాంపస్‌లు వెలిశాయి. 2025 జనవరిలో చర్లపల్లిలో కొత్త రైల్వే టెర్మినల్ ప్రారంభమైంది. ఇన్ని దారులు తెరుచుకున్నాక ఊరు పాత ముఖంతోనే ఉండమంటే ఎలా ఉంటుంది?

పెద్దవాళ్లకు ఇది ఊసుపోని కబురేం కాదు. పిల్లలు దూరదేశాల్లో ఉన్న ఇంట్లో అర్ధరాత్రి గుండెలో నొప్పి వస్తే, ముందుగా తట్టాల్సింది పక్కింటి తలుపే. ఆ తలుపు వెనకున్న మనిషి పేరు కూడా తెలియకపోతే?

అందరూ ఒకప్పటి కొత్తవాళ్లే

కాస్త వెనక్కి వెళ్తే మరో సంగతి బయటపడుతుంది. ‘పాతవాళ్లం’ అనుకునేవాళ్లలో చాలామంది ఒకప్పుడు ఇక్కడికి పెట్టెతో దిగినవాళ్లే.

1893లో లాలాగూడలో రైల్వే వర్క్‌షాప్ పెట్టినప్పటి నుంచీ తమిళులు, ఆంగ్లో ఇండియన్లు మెట్టుగూడ చుట్టుపక్కల స్థిరపడ్డారు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థదీ వలస కథే. 1918లో నీలగిరి కొండల్లోని కూనూరులో పుట్టి, 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. 1961లో ఎన్‌జీఆర్‌ఐ, 1967లో ఈసీఐఎల్, 1977లో సీసీఎంబీ... ఒక్కో సంస్థా దేశం నలుమూలల నుంచి మనుషుల్ని తెచ్చింది. నాచారం, ఉప్పల్, మౌలాలి పారిశ్రామికవాడలు కోస్తా నుంచీ, తెలంగాణ పల్లెల నుంచీ కార్మికుల్ని రప్పించాయి. ఇంకా వెనక్కి వెళ్తే, ఆఫ్రికా నుంచి వచ్చిన హబ్షీల వల్లే హబ్సిగూడకు ఆ పేరు వచ్చిందంటారు.

అప్పట్లో అద్దె ఇంటి కోసం తిరిగి, ‘ఏ ఊరు? ఏం తింటారు?’ అన్న ప్రశ్నలకు తలవంచుకున్నవాళ్లే ఇవాళ ఇంటి యజమానులు. టులెట్ బోర్డు చూసి వచ్చిన కుర్రాణ్ని అవే ప్రశ్నలడిగి గుమ్మంలోంచే పంపేస్తున్నవాళ్లూ వాళ్లలో లేకపోలేదు.

పూలు, పాలు, పాశురాలు

పరిచయానికి భాష రావాలనేం లేదు. పండగ చాలు.

బతుకమ్మకు తంగేడు, గునుగు పూలను వరసలు వరసలుగా పైకి పేరుస్తారు. అంతకు కొన్ని వారాల ముందే ఓణం వస్తుంది. మలయాళీలు వాకిట్లో పూలను ముగ్గులా పరుస్తారు. పదిరోజుల పాటు సాగే ఆ పూల ముగ్గు పేరు పూక్కళం. నిలబెట్టినా, పరిచినా పూల పండగ పూల పండగే. ఇంట్లో గునుగు పూల తట్ట పట్టుకున్న అమ్మమ్మకు పూక్కళం అర్థం కావడానికి దుబాసీ ఎందుకు?

కార్తీక శుద్ధ చవితి నాడు మనవాళ్లు పుట్టలో పాలు పోసి నాగుల చవితి చేసుకుంటారు. సరిగ్గా అదే రోజు బీహారీ ఇళ్లలో ఛఠ్ వ్రతం మొదలవుతుంది. నాలుగు రోజుల పండగ. మూడోరోజు సాయంత్రం నీళ్లలో నిలబడి అస్తమించే సూర్యుడికి, మర్నాడు ఉదయించే సూర్యుడికి అర్ఘ్యమిస్తారు. ప్రసాదంగా పెట్టే ఠేకువా గోధుమపిండి, బెల్లంతో చేసేదే. మన బెల్లపు అప్పాలకు దగ్గరి చుట్టం!

ఇక ఘట్‌కేసర్ దగ్గరి ఏదులాబాద్‌లో గోదాదేవి కొలువై ఉంది. ఆ తల్లి పుట్టిల్లు తమిళనాట శ్రీవిల్లిపుత్తూరు. ధనుర్మాసం వస్తే మన బామ్మలు తెలుగు లిపిలో అచ్చేసిన పుస్తకం చూసి తిరుప్పావై ముప్పై పాశురాలూ చదువుతారు. ఒక్క ముక్క అరవం రాదనుకుంటూనే నెలంతా అరవంలో పాడుతున్నారన్నమాట! పక్కింటి తమిళ ఇల్లాలిని పిలిచి ఒక్క పాశురానికి అర్థం అడిగితే చాలు, గడప దాటినట్టే.

ఇచ్చేదీ ఉంది

పెద్దవాళ్లు ఎప్పుడూ సాయం అందుకునేవాళ్లే కాదు. ఫ్యాక్టరీలో చేరిన ఒడిశా కుర్రాడికి ఈఎస్‌ఐ కార్డు ఎలా వాడాలో తెలియకపోవచ్చు. నాచారం ఈఎస్‌ఐ ఆసుపత్రిలో ఏ కౌంటర్ దగ్గర నిలబడాలో రిటైర్డ్ కార్మికుడికి కంఠతా వచ్చు. తెలుగులో వచ్చిన నోటీసు చదివిపెట్టడం, వాచ్‌మన్ పిల్లలకు సాయంత్రం అక్షరాలు దిద్దించడం... పెన్షను డబ్బు పైసా ఖర్చు కాదు. పైగా హైదరాబాద్ పెద్దవాళ్లలో చాలామందికి బజారు హిందీ ఎలాగూ వచ్చు. దాన్ని కూరగాయల బేరానికే ఎందుకు పరిమితం చేయడం?

కాలనీ సంఘాలు తల్చుకుంటే దారి ఇంకా సులువు. వినాయక మండపం దగ్గర అద్దె ఇళ్లవాళ్లనూ చందాకే కాకుండా ప్రసాదానికీ పిలవొచ్చు. ఫోన్ నంబర్ల జాబితాలో ఓనర్లతో పాటు వాళ్ల పేర్లూ రాయొచ్చు. వృద్ధుల కోసం 14567 నంబరుతో జాతీయ హెల్ప్‌లైన్ ఉంది. గుర్తుపెట్టుకోవాల్సిందే. కానీ అర్ధరాత్రి మెట్లు దిగి ఆటోని పిలిచేది పైపోర్షన్ కుర్రాడే.

రేపు ఉదయం వాకింగ్ నుంచి వస్తూ గేటు దగ్గర ఒక్క నిమిషం ఆగి, ‘మీదే ఊరు?’ అని అడిగి చూడండి. ఈసారి ఇల్లు అద్దెకివ్వడానికి కాదు, ఊరికే. అతను తన ఊరి పేరు చెప్పి, ‘మరి మీది, దాదాజీ?’ అంటాడు. అప్పుడు మీరూ మీ పాత ఊరి పేరు చెప్పాల్సి వస్తుంది.