అనుమానము – పరీక్ష
కండోము లేని సంభోగము జరిగిన పిదప కొందఱు పుండు కానరాలేదని నిశ్చింతగ నుందురు. కొందఱు చిన్న దురదకే నిద్ర మానుదురు. ఈ రెండును పొరపాటే యని మేము మనవి చేయుచున్నాము. సవాయి యనబడు సిఫిలిస్ పుండు సాధారణముగ 3 వారములకు నొప్పి లేకుండ లేచి, మందు లేకయే మానును. క్రిమి మాత్రము దేహమున నిలిచియుండును. కావున లక్షణములను నమ్మరాదు, పరీక్షయే ప్రమాణము.

మఱునాటి రక్తపరీక్ష చాలదు. హెచ్.ఐ.వి. సోకకుండ నిచ్చు మందును మాత్రము 72 గంటల లోపలనే, వైద్యుని సలహాతో ఆరంభింపవలెను. వైద్యుడు చెప్పిన గడువులలోను, 3 నెలలు నిండిన పిమ్మట మరలను పరీక్ష చేయించుకొనవలెను. అందాక కండోము విడువరాదు. సిఫిలిస్ పెనిసిలిన్‌తో నయమగును. 2017 నాటి చట్టము హెచ్.ఐ.వి. ఫలితమునకు గోప్యత విధించినది. సిగ్గుచే దాచిన వ్యాధి ఇల్లాలికిని, గర్భస్థశిశువునకును సోకవచ్చును.